ఉస్తాద్ మహ్‌వష్: దేశం విడిచిన కాబూల్ గాయనిని ఎలా వినాలి?

ప్రశ్న: గాత్రాభ్యాసి, రాజాజీనగర్, బెంగళూరు

అందరికీ నమస్కారం. మాది బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబం. నేను చిన్ననాటి నుంచి కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. భారత ప్రభుత్వం ఇచ్చే ఉపకార వేతనంతో ఇక్కడికి వచ్చి మా తమ్ముడి కళాశాలలో చదువుకుంటున్న ఒక అఫ్గాన్ విద్యార్థిని ద్వారా ఉస్తాద్ మహ్‌వష్ పాడిన గజళ్లు కొన్ని వినే అవకాశం కలిగింది. సాహిత్యం ఫార్సీ కావడం వల్ల మాటలు నాకు అర్థం కాలేదు. అయినా స్వరాన్ని పట్టుకొని నిలిపే తీరు, గమకాన్ని ఒత్తకుండా సుతారంగా వదిలేసే పద్ధతి, హార్మోనియం వెంట తబలా నడక, ఇవన్నీ ఏదో ఎరిగిన ఇంటి సంగీతంలాగే అనిపించి నన్ను ఆశ్చర్యపరిచాయి.

మా గురువుగారి ఇంట్లో నెలనెలా జరిగే శిష్యుల సదస్సులో ఈసారి నేను అరగంట మాట్లాడాలి. ఆమె గురించే మాట్లాడాలని నిశ్చయించుకున్నాను. అయితే దొరికిన వ్యాసాలలో చాలా భాగం ఆమె దేశం ఎందుకు విడిచింది, ఎన్ని కష్టాలు పడింది అన్న దగ్గరే ఆగిపోతున్నాయి. ఆమె ఏమి పాడింది, ఎవరి దగ్గర నేర్చుకుంది, ఆ పాటలో విశేషం ఏమిటి అన్నదానికి ఒక పేరా కూడా కేటాయించడం లేదు. ఒక విదుషిని కేవలం శరణార్థిగా పరిచయం చేసి జాలి పుట్టించడం నాకు ఇష్టం లేదు. అలాగని ఆమె పడిన బాధను పక్కన పెట్టి రాగాల గురించి మాత్రమే మాట్లాడటమూ న్యాయం కాదనిపిస్తోంది.

కాబూల్ సంగీతం హిందుస్తానీకి ఇంత దగ్గరగా ఉండటానికి కారణం ఏమిటి? దేశం విడిచాక ఆమె సంగీతంలో ఏమైనా మార్పు వచ్చిందా? కర్ణాటక సంగీతం మాత్రమే తెలిసిన శ్రోతలకు దీన్ని ఎక్కడి నుంచి వినిపించడం మొదలుపెట్టాలి? తెలిసిన పెద్దలు వివరంగా రాస్తే ఎంతో మేలు చేసినవారవుతారు.

జవాబు: ఒక శ్రోత, మైలాపూర్, చెన్నై

అమ్మా, మీ మొదటి ప్రశ్నకు జవాబు కాబూల్ పాతబస్తీలోని ఖరాబాత్ అనే పేటలో ఉంది. 19వ శతాబ్దపు రెండవ సగంలో ఆ దేశాన్ని ఏలిన అమీర్ షేర్ అలీ ఖాన్ హిందుస్తాన్ నుంచి, ముఖ్యంగా పంజాబ్ వైపు నుంచి, గాయకులను, వాద్యకారులను, నర్తకులను తన కొలువుకు రప్పించుకొని బాలా హిసార్ కోటకు సమీపంలోనే వారికి నివాసాలు ఏర్పాటు చేశాడు. వారి సంతతి అక్కడే పెరిగి, ఫార్సీని ఇంటి భాషగా చేసుకొని, తండ్రి నుంచి కొడుకుకు, గురువు నుంచి శిష్యుడికి విద్యను అందిస్తూ వచ్చింది. అమానుల్లా రాజు ఆస్థానంలో వెలిగిన ఉస్తాద్ ఖాసిం ఆ పేట వాడే. అఫ్గాన్ సంగీతానికి తండ్రి వంటివాడని ఆయనను నేటికీ తలుచుకుంటారు. తరువాతి తరంలో ఉస్తాద్ మహమ్మద్ హుస్సేన్ సరాహంగ్ పటియాలా వచ్చి, ఆ ఘరానాకు (గురుపరంపరకు) చెందిన ఉస్తాద్ ఆషిక్ అలీ ఖాన్ దగ్గర ఏళ్ల తరబడి గురుకులవాసం చేసి కాబూల్‌కు తిరిగి వెళ్లాడు. 1983లో కన్నుమూసే వరకు హిందుస్తానీ శాస్త్రీయ గానరూపమైన ఖయాల్‌ను, గజల్‌ను సమాన నిష్ఠతో పాడాడు. ఆయన ఎక్కువగా ఎంచుకున్నది 1720లో ఢిల్లీలో మరణించిన బేదిల్ కవిత్వాన్ని. ఢిల్లీ కవికి కాబూల్ గొంతు దొరకడంలో ఆ రెండు నగరాల మధ్య ఎంత రాకపోకలు ఉండేవో మీకు తెలుస్తుంది. కాబట్టి మీకు ఎరిగిన సంగీతంలా తోచడం భ్రమ కాదు.

రాగాల విషయంలో ఒక్క జాగ్రత్త చెబుతాను. కాబూల్ గాయకులు బైరమీ అనే రాగం హిందుస్తానీ భైరవి. మన సభల్లో విరిబోణి వర్ణంతో మొదలై ఆబాలగోపాలానికీ తెలిసిన కర్ణాటక భైరవిని మనసులో పెట్టుకొని దాన్ని వింటే అయోమయంలో పడతారు. స్వరస్థానాలను బట్టి చూస్తే అది మన తోడి మేళానికి చెందుతుంది. నడకను బట్టి సింధుభైరవికి దగ్గరగా వినిపిస్తుంది. యమన్ విషయంలో ఈ చిక్కు లేదు, కల్యాణిగా పోల్చుకోవచ్చు. మీ సదస్సులో ఈ రెండింటినీ తంబురా శ్రుతి మీద స్వరాలుగా పాడి చూపిస్తే మీ తోటి విద్యార్థులకు సగం దూరం తగ్గిపోతుంది.

ఇక గజల్ కట్టుబడి. మన దేశంలో గజల్ అంటే ఇప్పుడు మెత్తగా, ఒకే లయలో సాగే పాటగా స్థిరపడింది. కాబూల్ పద్ధతి వేరు. గాయకుడు ద్విపదను విలంబంగా, అంటే నెమ్మదిగా పాడి ముగించగానే వాద్యాలు అందుకొని వేగాన్ని పెంచుతాయి. తబలా, రుబాబ్ అనే తీగవాద్యం కలిసి పరుగెత్తి, ఒక ముక్తాయింపు లాంటి మలుపుతో హఠాత్తుగా ఆగుతాయి. ఆ నిశ్శబ్దంలోంచి గాయకుడు మళ్లీ విలంబంలో తరువాతి ద్విపదను ఎత్తుకుంటాడు. ఇంకో విశేషం ఉంది: పాడుతున్న గజల్‌కు భావం కలిసే ద్విపదలను వేరే కవుల నుంచి తెచ్చి, తాళం లేకుండా, రాగాన్ని సాగదీస్తూ మధ్యలో చేరుస్తారు. మన కచేరీ చివర శ్లోకమో, పద్యమో రాగమాలికగా పాడినప్పుడు శ్రోతలు ఎలా చెవి ఒగ్గుతారో అక్కడా అలాగే ఒగ్గుతారు. ఏ సందర్భంలో ఏ ద్విపదను గుర్తుకు తెచ్చుకుంటాడన్నది గాయకుడి సాహిత్య పరిచయానికి పరీక్ష. ఖరాబాత్ ఉస్తాదుల గొప్పతనం అంతా అక్కడే తేలుతుందని నా అభిప్రాయం.

మహ్‌వష్ ఈ పేటలో పుట్టిన మనిషి కాదు. వంశపారంపర్యంగా పురుషులు కాపాడుకొంటూ వచ్చిన విద్యను బయటి నుంచి వచ్చిన స్త్రీ సాధించింది. దీని గురించి నాకంటే బాగా తెలిసినవారు రాస్తారని ఆశిస్తున్నాను.

జవాబు: మృదంగ విద్యార్థి, బసవనగుడి, బెంగళూరు

మైలాపూర్ పెద్దవారు రాగం వైపు చెప్పారు కనుక నేను లయ, వాద్యాల గురించి మాత్రమే రాస్తాను. అఫ్గాన్ పాటల్లో, ప్రత్యేకించి పష్తూన్ బాణీల్లో, మొగొలీ అనే 7 మాత్రల తాళం తరచుగా వస్తుంది. దాని విరుపు మూడు, రెండు, రెండు. అంటే మన మిశ్రచాపు వేసుకుంటూ వినవచ్చు. అయితే మన మిశ్రచాపులో ఉండే నిదానపు ఊగుకు బదులు, అక్కడ మొదటి దెబ్బ మీద నృత్యానికి పిలిచినట్టుగా ఒక ఊపు ఉంటుంది. మీ సదస్సులో అందరినీ చేత్తో తాళం వేయమంటే, మాటలు తెలియకపోయినా పాటలోకి ప్రవేశిస్తారు.

రుబాబ్ గురించి తప్పకుండా చెప్పండి. మల్బరీ కర్రను తొలిచి చేసే వాద్యం ఇది. పొట్టకు చర్మం కప్పుతారు. మీటే తీగలు మూడే. వాటి పక్కన, వాటంతట అవే అనునాదం చేసే తీగలు పదికి పైగా ఉంటాయి. మన సరోద్ దీని నుంచే రూపుదిద్దుకుందని సంగీత చరిత్రకారులు సాధారణంగా అంగీకరిస్తారు. 20వ శతాబ్దంలో ఈ వాద్యానికి కచేరీ స్థాయి తెచ్చిన ఉస్తాద్ మహమ్మద్ ఉమర్ 1974లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో కచేరీ చేసినప్పుడు తబలా మీద కూర్చున్నది యువకుడైన జాకిర్ హుస్సేన్. ఆ కచేరీ ధ్వనిముద్రణ 2002లో ఆల్బంగా విడుదలైంది. ఇద్దరూ ఒకరి భాష ఒకరికి తెలియకుండానే తాళం మీద ఎలా కలుసుకున్నారో వినడం లయ నేర్చుకునేవారికి గొప్ప పాఠం. 2024 డిసెంబరులో రుబాబ్ తయారీని, వాదనాన్ని యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అఫ్గానిస్తాన్, ఇరాన్, తజికిస్తాన్, ఉజ్బెకిస్తాన్ దేశాల పేర్లు అందులో ఉన్నాయి.

జవాబు: సంగీతోపాధ్యాయిని, బెసెంట్ నగర్, చెన్నై

మీరు జాలి వద్దన్నారు, సంతోషం. అయినా ఆమె జీవితం తెలియకుండా ఆమె పాటను అంచనా వేయలేము. ఆమె విషయంలో దేశం విడవడమన్నది సంగీతానికి బయట జరిగిన సంఘటన కాదు. ఎవరితో పాడాలి, ఏమి పాడాలి, ఎవరి కోసం పాడాలి అన్న మూడింటినీ అది మార్చివేసింది.

ఆమె అసలు పేరు ఫరీదా. 1947లో కాబూల్‌లో జన్మించింది. తల్లి ఖురాన్ బోధించే ఉపాధ్యాయిని కావడం వల్ల చిన్నతనంలో వినికిడి అంతా పారాయణమే. సంగీతాన్ని వృత్తిగా ఎంచుకోవడం ఆ వాతావరణంలో ఊహకు అందని పని. చదువు ముగించుకొని రేడియోలో ఉద్యోగంలో చేరాక, అక్కడివారు ఆమె కంఠాన్ని గుర్తించి పాడమని ప్రోత్సహించారు. మహ్‌వష్ అన్నది రేడియోతో వచ్చిన పేరు. అక్కడ స్త్రీ గొంతు వినిపించడం అప్పటికి కొత్త కాదు. 1950ల ఆరంభంలోనే పర్వీన్ అనే గాయని ఆ దారి వేసింది. కానీ అఫ్గాన్ సమాజం రేడియోలో తేలికపాటి పాటలు పాడే స్త్రీని ఒప్పుకున్నంత సులువుగా శాస్త్రీయ విద్యను కోరే స్త్రీని ఒప్పుకోలేదు. మహ్‌వష్ ఉస్తాద్ హాషిం దగ్గర క్రమబద్ధంగా రాగాలు, తాళాలు అభ్యసించింది. హాషిం గాత్రంతో పాటు తబలాలోనూ ఆరితేరినవాడు. ఆమె పాటలో లయ మీద కనిపించే నిశ్చింతకు ఆ శిక్షణే కారణమని వినగానే అనిపిస్తుంది. పలు రాగాలను ఒకే పాటలో కూర్చిన కష్టమైన రచనను ఆమె పాడి మెప్పించిన తరువాత, 1977లో ప్రభుత్వం ఆమెకు ఉస్తాద్ బిరుదు ఇచ్చింది. అంతకు ముందు ఆ బిరుదు స్త్రీకి దక్కలేదు. ఆ నిర్ణయం మీద వివాదం కూడా రేగింది. పురుషుల పేటలో తరతరాలుగా నిలిచిన గౌరవాన్ని ఒక రేడియో గాయనికి ఇవ్వడం కొందరికి నచ్చలేదు. ఆ వివాదానికి ఆమె పాటతోనే జవాబు చెప్పిందని నేను నమ్ముతాను.

తరువాతి చరిత్ర మీకు తెలిసే ఉంటుంది. 1978లో ప్రభుత్వాన్ని కూల్చిన సైనిక తిరుగుబాటు, మరుసటి ఏడాది సోవియట్ సైన్యం రావడం, పదేళ్ల యుద్ధం, ఆపైన సోవియట్లతో పోరాడిన ముజాహిదీన్ వర్గాల మధ్య పోరు. పాడితే ఒక పక్షానికి ద్రోహం, మానితే మరొక పక్షానికి ద్రోహం అన్న స్థితిలో కళాకారులు బతికారు. 1990ల ఆరంభంలో మహ్‌వష్ కుటుంబంతో పాకిస్తాన్ చేరింది. అక్కడా బెదిరింపులు వదలలేదు. చివరకు అమెరికా ఆశ్రయం ఇవ్వగా కాలిఫోర్నియాలో స్థిరపడింది. ఆ రాష్ట్రంలోని ఫ్రీమాంట్ నగరంలో అఫ్గాన్లు ఎంతగా చేరారంటే దాన్ని చిన్న కాబూల్ అని పిలుస్తారు. అటు ఖరాబాత్ పేట 1992 తరువాత జరిగిన కాల్పుల్లో శిథిలమైపోయింది. అక్కడి వాద్యకారులు అనేకులు పెషావర్ చేరుకొని, ఖలీల్ హౌస్ అనే భవనంలో గదులు అద్దెకు తీసుకొని, పెళ్లిళ్లకు పిలిచేవారి కోసం ఎదురుచూస్తూ, గదుల్లోనే పిల్లలకు పాఠాలు చెబుతూ విద్యను నిలుపుకున్నారు. నేడు ప్రపంచమంతా ఎరిగిన రుబాబ్ విద్వాంసుడు హుమాయూన్ సఖీ ఆ భవనంలోనే యవ్వనం గడిపి, 2002లో ఫ్రీమాంట్ చేరాడు. ఆయన తండ్రి, పైన చెప్పిన మహమ్మద్ ఉమర్‌కు శిష్యుడు. తరువాతి కాలంలో మహ్‌వష్, సఖీ ఒకే బృందంలో కలిసి పాడారు, వాయించారు. కాబూల్‌లో కొన్ని వీధుల దూరంలో ఉండవలసిన విద్య కాలిఫోర్నియాలో మళ్లీ కలిసింది.

అంతకంటే ముందు ఆమెకు అండగా నిలిచినది జెనీవాలో హుస్సేన్ అర్మాన్, ఆయన కుమారుడు ఖాలిద్ అర్మాన్ నడిపిన కాబూల్ బృందం. ఖాలిద్ పాశ్చాత్య శాస్త్రీయ గిటార్‌లో శిక్షణ పొంది, పేరు తెచ్చుకున్న తరువాత రుబాబ్ వైపు మళ్లినవాడు. 2003లో వారు కలిసి విడుదల చేసిన ఆల్బం రేడియో కాబూల్ కాలపు స్వరకర్తలకు నివాళి. అదే ఏడాది మహ్‌వష్‌కు, ఆ బృందానికి బీబీసీ రేడియో 3 ప్రపంచ సంగీత పురస్కారం లభించింది.

ఇక్కడ మైలాపూర్ వారి మాటకు ఒక చేర్పు. పాత పద్ధతి పరాయి దేశంలో చెక్కుచెదరకుండా నిలిచిందని చెబితే వినడానికి బాగుంటుంది కానీ, ఆ 2003 ధ్వనిముద్రణలనూ కాబూల్ రేడియో కాలపు పాటలనూ పక్కపక్కన వింటే తేడా స్పష్టం. రేడియో పాటల్లో పెద్ద వాద్యబృందం, నిర్ణీత నిడివి, పాట అయిపోవాలన్న తొందర ఉంటాయి. జెనీవా బృందంతో పాడినప్పుడు వాద్యాలు తగ్గి, ఒక్కొక్క స్వరానికీ చోటు పెరిగింది. ఎదుట కూర్చున్న ఐరోపా శ్రోతకు ఫార్సీ రాదు. ద్విపద వినగానే వాహ్ అనేవాడు లేడు. అందుకని భారమంతా కంఠం మీదా, రాగం మీదా పడింది. వయసుతో గొంతు కొంత బరువెక్కింది. నాకు ఆ బరువే ఎక్కువ ఇష్టం. ఇది నష్టమా, లాభమా అని అడిగితే, శ్రోతను కోల్పోవడం ఏ గాయనికైనా పెద్ద నష్టమే. ఆ నష్టం నడుమనే ఆమె పాటకు కొత్త రూపు తెచ్చుకుంది, అది ఆమె విద్వత్తు.

జవాబు: ఒక శ్రోత, మైలాపూర్, చెన్నై

ఉపాధ్యాయిని గారు చెప్పిన శ్రోత విషయం ముఖ్యమైనది. దాన్ని మన అనుభవంతో కలిపి ఆలోచించాను. త్యాగరాజస్వామి కృతులు తెలుగువి. వాటిని రెండు శతాబ్దాలుగా ఎక్కువ శ్రద్ధతో కాపాడినవారు తమిళనాట వాలాజాపేట, ఉమయాళ్‌పురం, తిల్లైస్థానం శిష్యపరంపరలవారు. ఇక్కడి సభల్లో తెలుగు తెలియని శ్రోతల ఎదుట ఆ కృతులు నేటికీ పాడుతున్నారు. మాట అర్థం కాని చోట రాగం మోసుకుపోతుంది. ఇందులో ఒక పోలిక ఉంది. కానీ పెద్ద తేడా కూడా ఉంది: తెలుగు కుటుంబాలు తంజావూరు సీమకు రాజాశ్రయం వెంట వచ్చాయి, రాజులు భూములిచ్చి నిలబెట్టారు. ప్రాణభయంతో వచ్చినవారు కారు, తిరిగి వెళ్లే దారిని ఎవరూ మూయలేదు. అందువల్ల ఈ పోలికను సదస్సులో ప్రస్తావిస్తే ఆ తేడాను కూడా అదే వాక్యంలో చెప్పండి. లేకపోతే వారి కష్టాన్ని మనం తేలిక చేసినట్టవుతుంది.

మరలా ప్రశ్న: గాత్రాభ్యాసి, రాజాజీనగర్, బెంగళూరు

మీ అందరికీ కృతజ్ఞతలు. మా తమ్ముడి సహాధ్యాయిని కాబూల్‌లో ఇప్పుడు తన వయసు అమ్మాయిలు ఇంట్లో సైతం గొంతెత్తడానికి జంకుతున్నారని చెప్పింది. మహ్‌వష్ తరం గురించి మాట్లాడి నేటి పరిస్థితిని వదిలివేయడం సరికాదు కదా? దాని గురించి ఎంతవరకు చెప్పాలో కూడా సూచించగలరు.

జవాబు: సంగీతోపాధ్యాయిని, బెసెంట్ నగర్, చెన్నై

తప్పకుండా చెప్పాలి, వివరంగానే చెప్పాలి. తాలిబాన్లు మొదటిసారి పాలించిన 1996 నుంచి 2001 వరకు వాద్యసంగీతం నిషిద్ధం. క్యాసెట్ల టేపులు లాగి తనిఖీ కేంద్రాల వద్ద స్తంభాలకు చుట్టేవారు. ఆ రోజుల్లో రేడియో ఉద్యోగులు పాత ధ్వనిముద్రణల గదిని కనిపించకుండా చేసి టేపులను కాపాడారు. మహ్‌వష్ తొలినాటి కంఠం మనకు మిగలడంలో ఆ అనామకుల పాత్ర ఉంది. వారిని మీ ప్రసంగంలో స్మరించండి.

2010లో అహ్మద్ సర్మస్త్ కాబూల్‌లో జాతీయ సంగీత సంస్థను స్థాపించి ఆడపిల్లలకు, మగపిల్లలకు కలిపి నేర్పించాడు. ఆ సంస్థలోనే జోహ్రా అనే అమ్మాయిల వాద్యబృందం ఏర్పడింది. 2014లో విద్యార్థుల ప్రదర్శన జరుగుతుండగా ఆత్మాహుతి దాడి జరిగి సర్మస్త్ తీవ్రంగా గాయపడ్డాడు, వినికిడి దెబ్బతిన్నది. అయినా తిరిగి వచ్చి పాఠశాల నడిపాడు. 2021 ఆగస్టులో తాలిబాన్లు మళ్లీ అధికారం చేపట్టాక ఆ సంస్థకు చెందిన విద్యార్థులు, ఉపాధ్యాయులు, కుటుంబీకులు కలిపి 273 మంది దోహా మీదుగా పోర్చుగల్ చేరారు. అదే ఆగస్టులో బఘ్లాన్ ప్రాంతంలో జానపద గాయకుడు ఫవాద్ అందరాబీని కాల్చి చంపారు. 2023 జులైలో హెరాత్‌లో హార్మోనియంలను, తబలాలను, గిటార్లను కుప్పపోసి తగలబెట్టారు. 2024 ఆగస్టులో ప్రకటించిన చట్టం ఆడవారి గొంతును సైతం బహిరంగంగా వినిపించరాని వాటిలో చేర్చింది. పాట అందులో స్పష్టంగా ఉంది. దానికి జవాబుగా లోపలా బయటా ఉన్న అఫ్గాన్ స్త్రీలు పాడుతూ వీడియోలు పెట్టారు. మా విద్యార్థినులకు ఆ వీడియోలు చూపించినప్పుడు తరగతిలో చాలాసేపు ఎవరూ శ్రుతిపెట్టె మీద చేయి వేయలేదు.

ఆ విద్యార్థిని విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. ఆమె కుటుంబం అక్కడే ఉండవచ్చు కనుక, ఆమె పేరు, కళాశాల, ఊరు సదస్సులోనూ చెప్పకండి, ఇక్కడా రాయకండి. ఆమె అనుమతి లేకుండా ప్రసంగాన్ని వీడియో తీసి ఎక్కడా పెట్టకండి.

అరగంటను ఎలా పంచుకోవాలని మీరు అడగలేదు కానీ, నేనైతే ఇలా చేస్తాను. మొదట ఒక్క మాట కూడా చెప్పకుండా 2003 ఆల్బం నుంచి ఒక పాట పూర్తిగా వినిపిస్తాను. తరువాత ఖరాబాత్, పటియాలా సంబంధం, బైరమీ రాగం స్వరాలు. ఆ మీదట ఆమె శిక్షణ, ఉస్తాద్ బిరుదు. దేశం విడిచిన సంగతి ఇక్కడ వస్తుంది. ఇప్పటికే ఆమెను విదుషిగా ఎరిగినవారు ఆ సంగతి వింటారు కనుక, మీరు భయపడిన జాలికి అవకాశం తక్కువ. ఆ తరువాత 2007లో వచ్చిన అఫ్గాన్ గజళ్ల ఆల్బం నుంచి రెండో పాట వినిపించి, ద్విపదకూ వాద్యాల పరుగుకూ మధ్య మలుపు దగ్గర ఆపి వివరించండి. నేటి పరిస్థితికి చివరి అయిదు నిమిషాలు సరిపోతాయి; అప్పుడు ప్రశ్నలు వాటంతట అవే వస్తాయి.

జవాబు: మృదంగ విద్యార్థి, బసవనగుడి, బెంగళూరు

పాట మధ్యలో ఆపడం కంటే ముందే చెప్పి, మొత్తం విననివ్వడం మేలని నా మనవి. పరుగు, ఆగడం, మళ్లీ విలంబం, ఈ మూడూ కలిస్తేనే ఆ మలుపు బలం తెలుస్తుంది. విడగొడితే లెక్క మాత్రమే మిగులుతుంది. సదస్సు జరిగే ఆదివారం నేను ఊళ్లోనే ఉంటాను. మీ గురువుగారు అనుమతిస్తే వచ్చి 7 మాత్రల నడకను మృదంగం మీద వాయించి చూపిస్తాను.